మిరపలో కాయకుళ్ళు: పులియబెట్టిన కషాయాలు మీకు ఎంతవరకు పనిచేశాయి?

ఆనందపురం రైతు:
మాది అర ఎకరం మిరప. ముసురు పట్టినప్పటి నుంచి పండుకాయల మీద గుండ్రటి నల్ల మచ్చలు వస్తున్నాయి. మచ్చ పడ్డ చోట కాయ లోపలికి నొక్కుకుపోతోంది. కొన్ని కొమ్మలు చివర నుంచి కిందికి ఎండుతున్నాయి. కాయంతా రైతుబజారుకే వెళ్తుంది కాబట్టి మందు డబ్బాల జోలికి పోకుండా కషాయాలతో గట్టెక్కాలని ఉంది. వాడినవాళ్ళు చెప్పండి.

పద్మనాభం రైతు:
అన్నా, అది కాయకుళ్ళు, కొమ్మ ఎండు తెగులు. రెండూ ఒకే జాతి శిలీంధ్రం పనే. మచ్చ మధ్యలో దగ్గరగా చూడండి, వలయాలు వలయాలుగా ఉండి, తేమకు గులాబీ రంగు జిగురు కనిపిస్తుంది. ఆ జిగురులోనే శిలీంధ్ర బీజాలుంటాయి. చినుకు పడి చిందితే చాలు, పక్క కాయకు అంటుకుంటాయి. అందుకే ముందు పుచ్చు కాయలు, ఎండిన కొమ్మలు కోసి చేను బయట కాల్చేయండి. అది చేయకుండా ఏ కషాయం కొట్టినా దండగే.

తర్వాత పుల్ల మజ్జిగ. 100 లీటర్ల నీటికి 6 లీటర్లు. వెన్న పూర్తిగా తీసి, నాలుగైదు రోజులు పులియబెట్టి, పల్చటి గుడ్డ రెండు మడతలేసి వడకట్టాలి. లేకపోతే నాజిల్ మాటిమాటికీ మూసుకుపోయి ప్రాణం విసిగిపోతుంది. వారం, పది రోజులకోసారి కొట్టండి, వాన పడితే మళ్ళీ కొట్టాలి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను: ఇది తెగులు రాకముందు, లేదా మొదట్లోనే పనిచేస్తుంది. కుళ్ళిన కాయ మళ్ళీ బాగుపడదు.

ఎంవీపీ మిద్దెతోట:
మా కుండీల్లో బూడిద తెగులుకు మజ్జిగ బాగా పనిచేసిందండి. పైన ఆకు పసుపు మచ్చలుగా ఉంటే, తిప్పి చూస్తే అడుగున తెల్ల పొడి ఉంటుంది. కాబట్టి స్ప్రే అడుగు నుంచి పైకి కొట్టాలి. సాయంత్రం కొట్టమంటారు గానీ, మన సముద్రపు గాలికి ఆకు రాత్రంతా తడిగానే ఉంటుంది. నేను పొద్దున్నే, ఎండ ముదరక ముందే కొడతాను.

భీమిలి రైతు:
మేం దశపర్ణి వాడతాం. వేప, కానుగ, సీతాఫలం, జిల్లేడు, ఆముదం, వావిలి లాంటి పది రకాల ఆకులు, ఆవు పేడ, మూత్రం, అల్లం, వెల్లుల్లి, పసుపు వేసి 200 లీటర్ల డ్రమ్ములో నీడన 40 రోజులు పులియబెట్టాలి. గోనెపట్టా కప్పి పొద్దున, సాయంత్రం కలియబెట్టాలి. వడకట్టి 200 లీటర్ల నీటికి 6 నుంచి 8 లీటర్లు కలపాలి. కానీ దీని అసలు బలం పురుగుల మీద. తెగులుకు మాత్రం మజ్జిగే నమ్ముతాను.

ఎంవీపీ మిద్దెతోట:
ఉమ్మెత్త కూడా వేస్తారు కదండీ?

భీమిలి రైతు:
వేస్తారమ్మా, కానీ అది విషం. చేతులకు గ్లౌజులు ఉండాలి. పైగా డ్రమ్ములో పేడ ఉంది కాబట్టి కోతకు దగ్గరున్న కాయల మీద కొట్టను. పచ్చిమిర్చి పచ్చిగానే నంజుకు తినేవాళ్ళు ఉంటారు.

పద్మనాభం రైతు:
ఇంకోటి. ఆకు పైకి, కిందికి ముడుచుకుంటే అది శిలీంధ్రం కాదు, తామర పురుగు, నల్లి లేదా వైరస్. దానికి మజ్జిగ కొట్టి రోజులు పోగొట్టుకోకండి. కాయకుళ్ళు విత్తనంతో కూడా వస్తుంది. తెగులు లేని కాయల నుంచే విత్తనం తీసి, బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నంతో చేసే విత్తనశుద్ధి ద్రావణం) పట్టించి నారు పోయండి.

ఆనందపురం రైతు:
రేపు కూలీలతో పుచ్చు కాయలు ఏరిస్తాను. ఇంట్లో మజ్జిగ సరిపోదు, పక్క ఊరి పాలవాళ్ళని అడిగాను. నాలుగు వరుసలు కొట్టకుండా వదిలేసి, తేడా ఫోటోలతో ఇక్కడే పెడతాను.