ఆవకాయ జాడీలకు చెక్క గూడు చేశాను, పది రోజులకే అర వంగిపోయింది

బ్రాడీపేట కోడలు, గుంటూరు:

అందరికీ నమస్కారం. నేను రంపం పట్టడం ఇదే మొదటిసారి. మా అత్తగారి ఆవకాయ జాడీలు నాలుగు, గోంగూరది ఒకటి, చింతకాయది ఒకటి ఏళ్ల తరబడి వంటింట్లో నేల మీదే ఉంటున్నాయి. ఆవిడకి మోకాళ్లు పట్టేసి వంగలేకపోతున్నారు. నడుం ఎత్తున అందేలా గూడు నేనే చేసిపెడతానని మాటిచ్చాను.

పాత కంప్యూటర్ టేబుల్ విప్పి, ఆ పలకలతోనే మూడున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున కట్టాను. పై అరలో ఆవకాయ జాడీలు పెట్టాను. నిండు జాడీ కాటా మీద పెడితే 9 కిలోలు తూగింది. పది రోజులు తిరక్కుండానే అర మధ్యలో కిందికి దిగింది. ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి చూస్తే కింద నా చిటికెన వేలు దూరింది. పైగా గూడు కుదురుగా లేదు, భుజం తగిలితే పక్కకి ఊగుతోంది. భయమేసి జాడీలన్నీ దింపేశాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ మళ్లీ గోడ పట్టుకుని వంగుతుంటే చూడలేకపోతున్నాను.

ఇంకా మందం పలక వేస్తే ఆగుతుందా? టేకే కొనాలా? నా దగ్గర చేతి డ్రిల్లు, రంపం, సుత్తి, టేపు ఉన్నాయి.

సింగ్‌నగర్ కుర్రాడు, విజయవాడ:

అక్కా, మీరు వాడింది పార్టికల్ బోర్డు (చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసే పలక) అయ్యుంటుంది. కోసిన అంచు గోటితో గీరి చూడండి, పొట్టు రాలుతుంది. దాని మీద బరువు అలాగే ఉంచితే రోజురోజుకీ దిగుతూనే ఉంటుంది. దింపేసినా పూర్తిగా వెనక్కి రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ బోర్డుతో చేసిన అలమర అడుగంతా నానిన అటుకుల్లా చేతిలోకి ఊడొచ్చింది. మా నాయనమ్మ టేకు పెట్టె కూడా అదే నీళ్లలో ఉంది. నీడన నెమ్మదిగా ఆరబెట్టాం, మూత మళ్లీ ఎప్పట్లాగే పడుతోంది.

అలాగని మీకు టేకు అక్కర్లేదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, నీళ్లకి తట్టుకునే ప్లైకి వేసే ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి. పూర్తి షీటు 8 అడుగులకి 4, బరువు 30 కిలోల పైనే. ఇంటికి మోసుకెళ్లకుండా అక్కడే కోయించుకోండి. పై పొర మీద గీతలు అర పొడవునా వెళ్లేలా కోయమనండి, అడ్డంగా వస్తే బలం తగ్గుతుంది.

మందం కన్నా ముఖ్యం మధ్యలో ఆనిక. పలక మందం రెట్టింపు చేస్తే వంపు 8వ వంతుకి తగ్గుతుంది. అదే మధ్యలో ఒక నిలువు పలక పెడితే ఒక్కో సగం మీద బరువూ సగమే, పొడవూ సగమే. వంపు 16వ వంతుకి పడిపోతుంది. ఖర్చు ఒక్క ముక్కే.

కృష్ణలంక పెద్దాయన:

అమ్మా, అర సంగతి అబ్బాయి సరిగ్గా చెప్పాడు. ఊగుడు సంగతి నేను చెబుతాను. మా నాన్న వడ్రంగి. నేను వేరే ఉద్యోగంలో పడ్డా, సెలవుల్లో ఆయన పక్కన చెక్క పట్టుకుని కూర్చున్నవాణ్ణే.

నాలుగు పలకలు మూలల్లో బిగిస్తే అది నిలబడదు తల్లీ, పక్కకి వాలుతుంది. వెనక 6 మిల్లీమీటర్ల ప్లై మొత్తం కప్పి బిగించు, ఊగుడు అక్కడితో ఆగుతుంది. బిగించే ముందు మాత్రం ఈ మూల నుంచి ఎదురు మూలకి, మళ్లీ రెండో జతకి కొలువు. రెండూ సమానం కాకపోతే గూడు వంకర. పొడుగొచ్చిన జత మూలల్ని రెండు చేతులా అదిమి, సమానమయ్యాక స్క్రూ పెట్టు.

అరలు స్క్రూల మీదే వేలాడకూడదు. కింద రీపరు (సన్నటి చెక్క బద్ద) ముక్క బిగించి, దాని మీద కూర్చోబెట్టు. ప్రతి స్క్రూకీ ముందు 3 మిల్లీమీటర్ల బెజ్జం వేసుకో, లేకపోతే ప్లై అంచు పొరలు విచ్చుకుంటాయి. ఊరగాయ ఉప్పు తగిలే చోటు కాబట్టి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే కొను. కోసిన అంచులన్నిటికీ వార్నిష్ రెండుసార్లు పట్టించు. నీళ్లు తాగేది అక్కడి నుంచే.

ఇంకొకటి, అర ఎత్తుకి టేపు వద్దు. మా నాన్న ఒక కర్ర తీసుకుని వస్తువు పక్కనే నిలబెట్టి గీత పెట్టేవాడు. నువ్వు కూడా జాడీకి వాసెన కట్టి, దాని పక్కన కర్ర పెట్టి గీయి. ఆ పైన గరిటె లేవడానికి ఎంత జాగా కావాలో మీ అత్తగారి చేతనే గరిటె పట్టించి మరో గీత పెట్టు. చేయి ఆవిడది కదా.

సందులు మిగిలితే దిగులు పడకు. కొండపల్లి బొమ్మలవాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి అతికిస్తారు. నువ్వు ఫెవికాల్‌లో పొట్టు కలిపి కూరు.

బ్రాడీపేట కోడలు:

తాతయ్యగారూ, తమ్ముడూ, పాత కొలతలతోనే కొత్త ప్లైతో మళ్లీ కట్టాను. మధ్యలో నిలువు పలక పెట్టాను. మూలలు కొలిస్తే ఒక జత 55 అంగుళాలు, రెండోది 55న్నర మీద ఇంకో గీత. మా ఆయన మూలలు అదిమి పట్టుకుంటే నేను కొలిచాను. రెండూ 55 పావు దాటి ఒకే చోటికి వచ్చాక వెనక పలక బిగించాను. భుజంతో నెట్టి చూశాను, కదల్లేదు.

జాడీలు ఎక్కించి ఇవాల్టికి పన్నెండు రోజులు. పొద్దున్నే మళ్లీ దారం లాగాను. ఈసారి కింద కాగితం కూడా దూరలేదు.

కింది అర దగ్గర మాత్రం తప్పు చేశాను. గరిటె గీత ఆవకాయకే పెట్టించాను, గోంగూర జాడీ పొడుగని మర్చిపోయాను. అత్తగారు గరిటె లేపితే పైన తగులుతోంది. ఆదివారం ఆ రీపర్లు విప్పి రెండంగుళాలు కిందికి దించుతాను. పాత బెజ్జాలు పూడ్చడానికి పొట్టు డబ్బాలో దాచిపెట్టాను.