అప్‌డేట్: ప్యూజో యూఓ-8లో పట్టేసిన కప్పు ఊడింది

1970ల నాటి ప్యూజో యూఓ-8 సైకిల్‌లో చైన్ వైపు బాటమ్ బ్రాకెట్ కప్పు (పెడల్ ఇరుసు బేరింగ్‌ని పట్టి ఉంచే, మరతో బిగించే గిన్నె) కదలడం లేదని అడిగాను కదా, ఊడింది. సలహాలిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఫ్రెంచ్ మర అన్న సలహా. మామూలు ఇంగ్లీష్ మర అయితే చైన్ వైపు కప్పును సవ్యదిశలో తిప్పి ఊడదీస్తాం. ఇది రెండు వైపులా కుడి మరే, అపసవ్యంగా తిప్పాలి. షెల్ (ఫ్రేమ్‌లో కప్పులు బిగించే గొట్టం) వెడల్పు రెండింటికీ 68 మి.మీ. కాబట్టి దాంతో తేలదు. ఎడమ కప్పు తీసి పిచ్ గేజ్ (మర గాట్ల మధ్య దూరం కొలిచేది) పెడితే 1 మి.మీ. వచ్చింది, అంటే ఇంగ్లీష్ మర కాదు. స్విస్ మరకీ అదే కొలత, కానీ చైన్ వైపు ఎడమ మర. కొన్ని మోటోబెకాన్ సైకిళ్లకి ఈ స్విస్ మరే ఉంటుంది, అవి ఉన్నవాళ్లు జాగ్రత్త.

కోఠీ మెకానిక్ కప్పులోంచి 16 మి.మీ. బోల్టు దూర్చి, వాషర్లు వేసి నట్టు బిగించాడు. అపసవ్యంగా తిప్పితే ఆ నట్టే వదులవుతుంది, అందుకే వెనక ఇంకో చెక్ నట్టు. పొడవాటి పానాతో ఒక్క గుంజు, టక్కుమంది.

తుప్పు స్ప్రే, వేడి చేయడం అక్కర్లేకపోయాయి. కప్పులు బాగానే ఉన్నాయి. రాణీగంజ్‌లో పావు అంగుళం బాల్స్ తెచ్చి వైపుకి 11 వేశాం.