నాన్నగారి జీమెయిల్ నిండా చెత్త మెయిల్సే, కొత్త ఐడీ తీసుకోమంటారా?

తెనాలి_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మా నాన్నగారు రిటైర్డ్ టీచర్, తెనాలిలో ఉంటారు, నేనేమో హైదరాబాద్. మొన్న పండక్కి వెళ్తే ఫోన్ నా చేతిలో పెట్టి మెయిల్స్ రావట్లేదమ్మా చూడు అన్నారు, చూస్తే 15 జీబీ ఫుల్, చదవనివే 11 వేల పైన ఉన్నాయి. లోన్లు, ప్లాట్లు, చీరల ఆఫర్లు, తమ్ముడి కోసం ఎప్పుడో సంబంధాల సైట్‌లో పెట్టిన ప్రొఫైల్‌కి వాడి పెళ్ళయి మూడేళ్ళయినా ఇంకా వస్తూనే ఉన్నాయి. బ్యాంకు పంపిన మెయిల్ మాత్రం ప్లేస్ లేక వెనక్కి పోయింది. ఏది డిలీట్ చేస్తే ఏం పోతుందోనని ఆయనకి భయం. కొత్త ఐడీ తీసుకుందామంటే బ్యాంకు, పెన్షన్, ఆధార్ అన్నీ పాత దానికే ఉన్నాయి. ఏం చేయమంటారు?

సర్వర్‌రూమ్_శీను:
ఐడీ మార్చొద్దండి, దానికంటే శుభ్రం చేసుకోవడమే తేలిక. ముందు ఒకటి చూడండి, ఒక్కో ప్రచార మెయిల్ 100 కేబీ అనుకున్నా 11 వేలు కలిపితే ఒక జీబీ దాటుతుందంతే, మిగతా 14 ఎక్కడ పోయినట్టు? ఫొటోలు, డ్రైవ్, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15లోనే లెక్క. బ్యాకప్‌లో వీడియోలు ఆపేస్తే చాలామందికి సగం సమస్య తీరిపోతుంది. డిలీట్ చేశాక ట్రాష్ కూడా ఖాళీ చేయండి, లేకపోతే 30 రోజులు అందులోనే ఉండి ప్లేస్ తింటాయి.

ఇక మెయిల్స్ రాకుండా చేయడం సంగతి. జీమెయిల్ మెనూలో మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ అని ఉంటుంది, ఎవరెవరు ఎన్ని పంపుతున్నారో అక్కడ కనపడుతుంది, ఒక్కొక్కళ్ళనీ అక్కడే ఆపేయొచ్చు. రోజుకి 5000 పైన మెయిల్స్ పంపే కంపెనీలు ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇవ్వాలని 2024లో గూగుల్, యాహూ రూల్ పెట్టాయి, రెండ్రోజుల్లో ఆపేయాలి కూడా. కానీ అసలు మనం ఎప్పుడూ పేరు ఇవ్వని వాళ్ళ మెయిల్‌లో లింక్ మాత్రం నొక్కకండి, ఈ ఐడీ వాడుకలో ఉందని మనమే చెప్పినట్టవుతుంది. అలాంటివి రిపోర్ట్ స్పామ్ కొట్టండి, అంతే.

గుంటూరు_గోపి:
1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ, అదే ప్రచార కాల్స్ వద్దని పెట్టిస్తే ఈ మెయిల్స్ కూడా ఆగవా అన్నా?

సర్వర్‌రూమ్_శీను:
లేదు తమ్ముడూ, అది కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే.

కౌంటర్_పద్మ:
నేను బ్యాంకులో పనిచేస్తాను, పెద్దవాళ్ళ విషయంలో ఆఫర్ల మెయిల్స్ కంటే నాకు ఇంకో దాని గురించి బెంగ. రిటర్నులు వేసే రోజుల్లో మీకు రిఫండ్ వచ్చింది, అకౌంట్ వివరాలు ఇవ్వండి అంటూ మెయిల్స్ వస్తాయి, లోగో అచ్చు గవర్నమెంటుదిలాగే ఉంటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు మెయిల్‌లో పిన్, ఓటీపీ, కార్డు నంబరు ఎప్పుడూ అడగరు. పంపినవాళ్ళ పేరు చూసి నమ్మొద్దు, అడ్రస్ చివర ఏముందో చూడమని నాన్నగారికి చెప్పండి. బ్యాంకుల వెబ్‌సైట్లు కూడా ఆర్‌బీఐ చెప్పాక డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాయి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆపే అవకాశం అంత ఎక్కువ. నా కౌంటర్ దగ్గర ఏడ్చిన పెద్దాయన్ని చూశాను కాబట్టి ఇంత చెప్తున్నానమ్మా.

విశాఖ_వాసు:
నేను చేసే పని ఒకటి చెప్తా. ఐడీలో నా పేరు అయ్యాక ప్లస్ గుర్తు పెట్టి షాపు పేరు కలిపి ఇస్తా, మెయిల్ మామూలుగానే నా ఇన్‌బాక్స్‌కే వస్తుంది. అలా ఒక ఫర్నిచర్ షాపుకి ఇచ్చిన అడ్రస్‌కి నెల తిరక్కుండా లోన్ మెయిల్స్ మొదలయ్యాయి, ఎవరు ఇచ్చేశారో తెలిసిపోయింది కదా. కొన్ని సైట్లు ప్లస్ ఒప్పుకోవు, అలాంటి చోట రెండో ఐడీ ఇస్తా. బిల్లింగ్ దగ్గర మెయిల్ ఐడీ చెప్పండి అంటే పేపర్ బిల్లు చాలండి అనేస్తా.

తెనాలి_అమ్మాయి:
శీను గారూ మీరన్నట్టే ఉంది, వాట్సాప్ బ్యాకప్పే 9 జీబీ! వీడియోలు ఆపి మళ్ళీ బ్యాకప్ తీయించాను, బ్యాంకు వాళ్ళకి మెయిల్ మళ్ళీ పంపమంటే ఇప్పుడు వచ్చింది. పద్మ గారు రాసింది నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను, 1930 క్యాలెండర్ మీద రాసుకున్నారు. ఆఫర్ల కోసం రెండో ఐడీ తీస్తున్నాం, దానికి రికవరీ నంబరు ఆయనది పెట్టాలా నాది పెట్టాలా?

సర్వర్‌రూమ్_శీను:
ఆయనదే పెట్టండి. పాత ఐడీకి మాత్రం రికవరీ మెయిల్‌గా మీది కలపండి, ఫోన్ పోయినా మీ దగ్గర్నుంచి తెరవొచ్చు.