రోజూ ఒక పేజీ రాస్తే రాత బాగుపడుతుందా? ఏడాది రాశాక వచ్చిన అనుమానం

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్కారమండీ. పోయిన సంక్రాంతికి ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. రోజూ రాత్రి అన్నం తిన్నాక తెలుగులో ఒక పేజీ రాయాలని నియమం పెట్టుకున్నాను. బ్యాంకులో ఉద్యోగం, పగలంతా ఇంగ్లీషు లెటర్లే. కాలేజీలో ఉన్నప్పుడు బాగానే రాసేదాన్ని. ఇప్పుడు నాలుగు వాక్యాలు కూడబలుక్కోవాల్సి వస్తోందని మొదలుపెట్టాను. జ్వరం వచ్చిన వారం, మా ఆడపడుచు పెళ్ళి హడావిడి పది రోజులు తప్ప ఎక్కడా ఆపలేదు. మూడు నోట్‌బుక్కులు నిండాయి.

మొన్న ఆదివారం మొదటిదీ మూడోదీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నీరసం వచ్చింది. చేతిరాత గుండ్రంగా తయారైన మాట నిజమే. వాక్యం మాత్రం సంక్రాంతినాడు ఎక్కడుందో అక్కడే ఉంది. "ఈ రోజు రద్దీ మామూలుగా లేదు" అని ఫిబ్రవరిలో రాశాను, నవంబరులోనూ రాశాను. మధ్యలో ఎన్నిసార్లు రాశానో లెక్కపెడుతూ నలభై దగ్గర ఆపేశాను.

రోజూ రాయండి, అదే వస్తుంది అని అందరూ చెబుతారు. నాకు రాలేదు. నేను చేసిన దాంట్లో లోపం ఉందా, ఆ సలహాలోనే ఉందా? "అభ్యాసం కూసు విద్య" అని మాత్రం అనకండి. అది మా నాన్నగారు రోజూ అంటూనే ఉన్నారు.

సిక్కోలు చిన్నోడు

తినగ తినగ వేము తియ్యనుండు మేడమ్. ఇంకో ఏడాది ఓపిక పట్టండి.

గోదారిగట్టు

వేపాకు తీపెక్కదు కదండీ, నాలుకకే చేదు తెలియడం మానేస్తుంది. నా భయం అదే.

పాతడెస్కు

భలే అన్నారమ్మా. దీనికే ఇంకో సామెత ఉంది, "పాడగా పాడగా రాగం, మూలగ్గా మూలగ్గా రోగం" అని. రెండూ సాధన కిందే లెక్క.

నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా ఇరవై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాను. మండలాల నుంచి కంట్రిబ్యూటర్లు వార్తలు పంపేవారు, మొదట్లో బస్సు కవర్లలో, తర్వాత ఫ్యాక్సులో. రోజూ రాసే అలవాటు అంటే వాళ్ళదే. రోజుకు నాలుగైదు ఐటమ్‌లు, పండగ లేదు, పబ్బం లేదు. అయినా వాళ్ళలో పదేళ్ళ తర్వాత కూడా మొదటి రోజు పంపిన ఐటమే పంపేవాళ్ళు ఉండేవారు. "కార్యక్రమాన్ని ఘనంగా నిర్వహించడం జరిగింది. పలువురు పాల్గొన్నారు." ఒకసారి సంతాప సభ కూడా ఘనంగానే జరిగిపోయింది, రాత్రి పన్నెండుకు పట్టుకున్నాం కాబట్టి పరువు దక్కింది.

ఒకతను మాత్రం తాను పంపినదానికి కార్బన్ కాపీ ఉంచుకునేవాడు. పొద్దున పేపరు రాగానే రెండూ ముందేసుకుని మేం ఏది కొట్టామో చూసుకునేవాడు. కొన్నాళ్ళకు ఫోన్ చేసి దెబ్బలాడటం మొదలెట్టాడు, "ఆ మాట ఎందుకు తీశారు సార్" అని. ఒకటి రెండుసార్లు అతనిదే కరెక్టు. రెండేళ్ళు తిరిగేసరికి అతని కాపీ మీద నా పెన్ను ఆగడం మానేసింది.

అంచేత నేను చెప్పేది: రోజూ రాస్తే చేయి తిరుగుతుంది, అంతవరకే. మీరు రాశారు గానీ ఏడాది పాటు వెనక్కి తిరిగి చూడలేదు. పది రోజుల కిందటి పేజీ ఒకటి తీసి, ఎర్ర పెన్నుతో మూడో వంతు కొట్టేయండి. ముందు "జరిగింది"ని పట్టుకోండి. "సమావేశం నిర్వహించడం జరిగింది" ఎందుకు, సమావేశం జరిగింది, చాలు. తర్వాత "కలిగి ఉంది". "ఆయన ముగ్గురు పిల్లలను కలిగి ఉన్నారు" అని ఏ ఇంట్లో అంటారు? ఆయనకు ముగ్గురు పిల్లలు.

పలకాబలపం

సార్ చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. కొట్టేయాలంటే ఏది చప్పగా ఉందో నాలుకకు తెలియాలి కదా. మంచి వంట తినని మనిషికి ఉప్పు తక్కువైందని ఎలా తెలుస్తుంది? గోదారిగట్టు గారూ, ఏడాదిలో ఎన్ని పేజీలు రాశారో చెప్పారు, ఏం చదివారో చెప్పలేదు.

హైస్కూల్లో తెలుగు చెబుతాను. "కథ" అని బోర్డు మీద రాస్తే "కధ" అని ఎక్కించుకునే పిల్లలు సగం మంది. "ప్రాథమిక" సంగతి చెప్పనక్కర్లేదు. "అర్థం రాయండి" అంటే "అర్ధం" అని రాసి, సరిగ్గా సగమే ఇస్తారు. దానికి వ్యాకరణం క్లాసులు ఏమీ చెయ్యలేదు. పని చేసింది చూచిరాత ఒక్కటే. పాఠం మొత్తం కాదు, రోజుకు పది వాక్యాలు. అయితే మాట మాట చూసి దించడం కాదు, ఒక వాక్యం మొత్తం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంత రాసి, మళ్ళీ తెరిచి సరిచూసుకోవాలి. మనం ఎక్కడ తప్పామో అక్కడే ఆ రచయిత ఏం చేశాడో కనబడుతుంది. అతను చిన్న మాట వాడిన చోట మనం పెద్ద మాట పెట్టి ఉంటాం, తొంభై పాళ్ళు అదే.

పిల్లలకు చెప్పాను గానీ, నా కోసం కూడా చేస్తున్నాను. స్టాఫ్ రూములో నవ్వుతారు, నవ్వనీ.

సిక్కోలు చిన్నోడు

ఇలా దించుతూ పోతే చివరికి వాళ్ళలాగే రాస్తాం కదా టీచర్? మన గొంతు ఏమవుతుంది?

పలకాబలపం

పది మందిని దించితే ఒకరిలా రాయడం కుదరదు బాబూ. ఒకరినే పట్టుకుంటే నువ్వన్నది నిజమే.

మెయిన్స్ మూడోసారి

అందరికీ నమస్తే. నాది వేరే గోల. గ్రూప్-1 మెయిన్స్ తెలుగు మీడియంలో రాస్తున్నాను. జనరల్ ఎస్సే పేపర్‌లో మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి, 150 మార్కులు. అక్కడ ఎర్ర పెన్ను లేదు, పది రోజులు ఆగి చూసుకోవడం లేదు. మొదటిసారి మూడో వ్యాసం రెండు పేరాల దగ్గర బెల్లు కొట్టేశారు. తర్వాత ఏడాది రోజూ గడియారం పెట్టుకుని ఒక వ్యాసం రాశాను. ఈసారి మూడూ పూర్తయ్యాయి. మొదటి పది నిమిషాలు పెన్సిల్‌తో వెనక పేజీలో పాయింట్లు వేసుకోవడం కూడా రోజూ రాయబట్టే అలవాటైంది. నాకైతే రోజూ రాయడమే కాపాడింది. మీరంతా సాహిత్యం గురించి మాట్లాడుతున్నారు, నేను చెయ్యి నొప్పి గురించి.

పాతడెస్కు

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఒప్పుకోక తప్పదు. డెడ్‌లైన్ ఉన్నవాడికి వేగమే ముందు.

ఓరుగల్లు కోట

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఎర్ర పెన్ను అనగానే కడుపులో తిప్పింది సార్, ఏమనుకోకండి.

ఆరో తరగతిలో "మా ఇల్లు" మీద వ్యాసం రాయమన్నారు. నేను "మా బాపు పొద్దుగాల్నే బాయికాడికి పోయిండు" అని మొదలుపెట్టిన. మా సారు దాన్ని ఎర్రగా కొట్టి, పైన "మా నాన్న ఉదయాన్నే పొలానికి వెళ్ళాడు" అని రాశారు. తప్పులు పదకొండు అని మార్జిన్‌లో అంకె వేశారు. మా బాపు పోయింది పొలానికి కాదు సార్, బాయికాడికే. మోటరు పెట్టొచ్చేందుకు. ఆ తర్వాత పదేళ్ళు పరీక్షల కోసం తప్ప నేను తెలుగులో ఒక్క ముక్క రాయలేదు.

కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. దానికి పదకొండు రోజుల ముందు, ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. మాట్లాడే భాషలో రాయాలని కొట్లాడినవాళ్ళే ఇద్దరూ. రెండు రోజులూ స్కూళ్ళలో దండలు వేస్తారు. మర్నాడు అవే స్కూళ్ళలో "పోయిండు" కొట్టేస్తారు. అందుకే అడుగుతున్నాను, రాత "బాగుపడటం" అంటే ఎవరి లెక్కన?

గోదారిగట్టు మేడమ్ డైరీ ఎవరికీ చూపించలేదు. నా లెక్కన అది మంచిదే. నేను ఎవరికీ చూపించనని ఒట్టేసుకుని రాసిన రెండేళ్ళలోనే నా మాట నాకు తిరిగొచ్చింది.

పాతడెస్కు

దీనికి నా దగ్గర జవాబు లేదు బాబూ. మేమూ కొట్టాం. "జరిగింది" కొట్టిన చేత్తోనే "బాయికాడ" కొట్టాం. అప్పట్లో రెండూ ఒకటే అనుకున్నాం.

ఇప్పుడైతే ఒక తేడా చూస్తాను. "నిర్వహించడం జరిగింది" ఎవరి ఇంటి భాషా కాదు, ఆఫీసు ఫైళ్ళలోంచి జారి పేపర్లలో పడింది. అది పోతే ఎవరికీ నష్టం లేదు. "బాయికాడ" పోతే మీ బాపు పోయినట్టే. ఆ రెంటినీ విడదీయలేనివాడి చేతికి పెన్ను ఇవ్వకూడదు. అయినా కొట్టివేతను మొత్తంగా వదలకండి. గురజాడ కన్యాశుల్కం మొదట 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని దాదాపు కొత్త నాటకం అన్నట్టుగా తిరగరాసి మళ్ళీ వేశారు. మనం నోటికి చెప్పుకునేది ఆ రెండోదాన్నే. ఆ పెన్ను ఆయనదే.

ఓరుగల్లు కోట

పెన్ను ఎవరిదన్నదే నేనూ అడిగేది సార్.

చెన్నపట్నం చిట్టి

డైరీ ఎవరికీ చూపించకపోవడం మంచిదన్న మాట మీద నాకు పేచీ ఉంది.

మా ఊరి మనిషి ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పే ఉద్యోగి. 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఆ పదిహేను నెలలూ దారిలో చూసింది రాస్తూనే ఉన్నారు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె అనే స్నేహితుడికి పంపుతూ వచ్చారు. 1838లో అచ్చయింది. ఇంకా గ్రాంథికమే రాజ్యమేలుతున్న రోజుల్లో ఆయన వాక్యం చాలా చోట్ల మాట్లాడినట్టే ఉంటుంది. నా అనుమానం, స్నేహితుడికి చెబుతున్నానన్న ధ్యాస ఉండటం వల్లే అలా వచ్చిందని.

ఇంకోటి. మజిలీ మజిలీకీ ఏం రాశారో చూడండి. ఊరు ఎంత దూరం, నీళ్ళు దొరుకుతాయా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటుందా, ఏ నది ఎలా దాటారు. తన అలసట కన్నా దారి సంగతులే ఎక్కువ. పల్లకీ ఎక్కి వెళ్ళారు కాబట్టి తీరిక ఉండి ఉంటుంది అనొచ్చు, ఆ మాటా నిజమే. కానీ వెనక అదే దారిన వచ్చేవాడికి పనికొచ్చేట్టు రాయాలంటే "రద్దీ మామూలుగా లేదు" అంటే కుదరదు. ఎందరున్నారో చెప్పాలి. గోదారిగట్టు గారి నోట్‌బుక్కుకు అవతల ఎవరూ లేరు. లోపం అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

డాలస్ కోడలు

ఇది నిజం. నాది ఇంగ్లీషు మీడియం చదువు, తెలుగు చదవడం వచ్చు, రాయడం భయం. బెజవాడలో ఉన్న మా అమ్మమ్మకు వారానికో ఉత్తరంలాంటిది ఫోన్‌లో టైప్ చేసి పంపుతున్నాను. మొదటిదానికి అమ్మమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఏమే, బాగానే ఉంది గానీ కోర్టు నోటీసులా ఉంది." ఆ దెబ్బకు పంపే ముందు పైకి చదువుకోవడం అలవాటైంది. చదువుతుంటే నోరు తట్టుకున్న చోటల్లా మార్చేస్తాను.

నోటితో చెబితే ఫోనే టైప్ చేస్తుంది కదా అని కొన్నాళ్ళు అదీ చూశాను. మాట సహజంగా వస్తుంది, వాక్యం మాత్రం ఆగదు, "అండ్ అండ్" అని రైలు బోగీల్లా పోతూనే ఉంటుంది. మానేశాను.

పలకాబలపం

కోర్టు నోటీసు! ఈ అమ్మమ్మను మా స్కూలుకు ఇన్‌స్పెక్టర్‌గా వెయ్యాలి.

గోదారిగట్టు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. టీచర్ గారూ, మీ ప్రశ్నకు నిజం చెబుతున్నాను. ఏడాదిలో వాట్సాప్ ఫార్వర్డ్‌లు, బ్యాంకు సర్క్యులర్లు తప్ప ఏమీ చదవలేదు.

పాతడెస్కు గారు చెప్పినట్టు సరిగ్గా పది రోజుల కిందటి పేజీ తీశాను. ఇదీ ఉన్నది:

"ఈ రోజు రద్దీ మామూలుగా లేదు. పెన్షన్ కోసం చాలా మంది వృద్ధులు రావడం జరిగింది. ఒక పెద్దాయన చాలాసేపు నిలబడి ఉన్నారు. చూస్తే చాలా బాధ అనిపించింది."

మూడో వంతు కొడదామని కూర్చుంటే మొత్తం పోయింది. మిగిల్చుకోవడానికి ఒక్క మాట లేదు. అప్పుడు చెన్నపట్నం గారి మాట గుర్తొచ్చి, మా నాన్నగారికి చెబుతున్నట్టు మళ్ళీ రాశాను. ఆయనా పెన్షనరే, ఆ క్యూ ఆయనకు తెలుసు:

"ఒకటో తారీఖు. షట్టరు ఎత్తేసరికే మెట్ల మీద పదకొండు మంది. ఒక పెద్దాయన పాస్‌బుక్కును పాలిథిన్ కవర్లో పెట్టి, ఆ కవర్ని జేబురుమాల్లో చుట్టి తెచ్చారు. విప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. వెనక ఎవరూ తొందరపెట్టలేదు. డబ్బు లెక్కపెట్టుకుని, పాస్‌బుక్కును మళ్ళీ అదే వరసలో చుట్టుకున్నారు, కవరూ రుమాలూ తారుమారు కాకుండా."

రాయడానికి గంటంబావు పట్టింది. రోజూ పేజీకి పావుగంట కూడా పట్టేది కాదు. ఇలాగైతే రోజూ రాయలేను, వారానికి రెండు అవుతాయేమో.

మెయిన్స్ మూడోసారి

మేడమ్, పరీక్షలో ఇలా రాస్తే మూడు గంటలకు ఒక పెద్దాయనే అవుతాడు. కానీ బాగుంది.

ఓరుగల్లు కోట

ఆ పదకొండు మంది కనిపించిన్రు మేడమ్.

పాతడెస్కు

బాగుందమ్మా. చివరి ముక్క, "కవరూ రుమాలూ తారుమారు కాకుండా", కొట్టేయండి. "అదే వరసలో" అన్నాక అది అక్కర్లేదు.

గోదారిగట్టు

తీసి ఒకసారి చదివాను, పెట్టి ఒకసారి చదివాను. నాన్నగారికి రెండూ వినిపించాను కూడా. ఉంచేస్తున్నానండీ.