ఐర్లండ్‌లో పేట పబ్‌కి ఇంటిల్లిపాదీ భోజనానికి వెళ్తే: ఆర్డర్, మెనూ, వేళలు

తడిగొడుగు

డబ్లిన్ శివారులో ఉంటున్నాం. వచ్చే శనివారం సాయంత్రం మా పేట పబ్‌లో భోజనం అనుకుంటున్నాం. మొత్తం ఏడుగురం. అత్తయ్యగారు, మామయ్యగారు శాకాహారులు, గుడ్డు కూడా తినరు. మిగతావాళ్ళం కోడి, చేప, గొర్రెమాంసం తింటాం. బీఫ్, పోర్క్ ఎవరం ముట్టం. ఆరేళ్ళ పాప ఉంది. గిన్నిస్ (ఇక్కడి నల్ల బీరు) తాగేది ఇద్దరే.

టేబుల్ ముందే చెప్పాలా? ఆర్డర్ కౌంటర్ దగ్గర ఇవ్వాలా, కూర్చుంటే వాళ్ళే వస్తారా? చూడ్డానికి శాకాహారంలా ఉండి లోపల మాంసం ఉండేవి ఏవి? టిప్ ఎంత? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

లిఫీగట్టు

ముందు వేళల సంగతి. పబ్ తెరిచి ఉండే వేళ వేరు, కిచెన్ నడిచే వేళ వేరు. మామూలు లైసెన్స్ ఉన్న పబ్‌లో సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి 11:30 వరకు, శుక్ర, శనివారాల్లో 12:30 వరకు, ఆదివారం 11 వరకు మందు అమ్ముతారు. ఆపైన గ్లాసులో మిగిలింది పూర్తిచేయడానికి అరగంట ఇస్తారు. కిచెన్ మాత్రం చాలాచోట్ల 9కే కట్టేస్తారు, వారం మధ్యలో ఇంకా ముందే. ఆ తర్వాత దొరికేది క్రిస్ప్స్ (మన ప్యాకెట్ చిప్స్), వేరుశెనగలు, అదృష్టం బాగుంటే ఒక టోస్టీ (కాల్చిన శాండ్‌విచ్). లోపల జనం కిక్కిరిసి ఉన్నారు కదా, తిండి కూడా ఉంటుందిలే అని 8:45కి వెళ్ళడమే కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు.

పాప ఉంది కాబట్టి మీకు ఇంకో గడువు కూడా ఉంది. 18 లోపువాళ్ళు రాత్రి 9 తర్వాత బార్‌లో ఉండకూడదు, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే 10 తర్వాత. 15 లోపు పిల్లలకు ఆ వేళకు ముందు కూడా తల్లిదండ్రులో సంరక్షకులో వెంట ఉండాలి. పళ్ళెంలో ఇంకా అన్నం ఉందంటే వినరు, పోయేది వాళ్ళ లైసెన్స్ మరి. అందుకని 5:30కో 6కో పెట్టుకోండి. మీతో 18 నుంచి 20 ఏళ్ళవాళ్ళు ఎవరైనా వస్తుంటే, ఆ గడియ దాటాక కూర్చోవాలంటే వయసు చూపే గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి.

ఏడుగురికి టేబుల్ ముందే చెప్పి తీరాలి. పబ్ టేబుళ్ళు చాలావరకు నలుగురికే సరిపోతాయి, పైగా శనివారం. ఫోన్‌లో మూడు విషయాలు అడగండి: లౌంజ్ వైపు ఇస్తారా (బార్ వైపు స్టూళ్ళు ఎత్తుగా ఉంటాయి, పెద్దవాళ్ళకు ఇబ్బంది), ఆ సాయంత్రం పెద్ద మ్యాచ్ ఏదైనా ఉందా, పాట కచేరీ ఎన్నింటికి. మ్యాచ్ ఉంటే టీవీకి దూరంగా అడగండి, లేకపోతే ఒకరి మాట ఒకరికి వినబడదు.

ఆర్డర్ పద్ధతి పబ్‌ను బట్టి మారుతుంది. లోపలికి వెళ్ళగానే కౌంటర్ దగ్గర "భోజనానికి వచ్చాం" అని ఒక్క మాట చెబితే వాళ్ళే చూపిస్తారు. టేబుల్ దగ్గర మెనూలు, ఫోర్కులు పెట్టి ఉంటే వెయిటర్ వస్తారు. టేబుల్‌కు నంబర్ మాత్రమే ఉండి ఇంకేమీ లేకపోతే ఆ నంబర్ చూసుకుని కౌంటర్‌లో చెప్పి రావాలి. కౌంటర్‌లో వరస ఉండదు. ఎవరు ముందు వచ్చారో బార్‌మన్‌కు గుర్తుంటుంది. ఆయన కళ్ళలో పడేలా నిలబడితే చాలు. చిటికెలు వేయడం, నోటు ఊపడం చేస్తే మీ వంతు ఇంకా వెనక్కి పోతుంది.

వంటింటివెనక

మెనూ సంగతి నేను చెప్తాను, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఐరిష్ స్ట్యూ అంటే లెక్క ప్రకారం గొర్రెమాంసం, బంగాళాదుంపలు, ఉల్లిపాయ, తరచూ క్యారట్. పేట పబ్‌లలో మాత్రం ఆ పేరుతో బీఫ్ వండేవాళ్ళున్నారు. షెపర్డ్స్ పై (ఖీమా మీద మెదిపిన బంగాళాదుంప పరిచి కాల్చే వంటకం) కూడా అంతే. గొర్రె ఖీమా ఉండాలి, బీఫ్ ఖీమా పెట్టి అదే పేరు రాస్తారు. గిన్నిస్ స్ట్యూ, గిన్నిస్ పై అని ఉంటే బీఫ్ అనుకుని వదిలేయండి. ఇక్కడ మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. బీఫ్ వడ్డించే ప్రతి చోటా అది ఏ దేశానిదో రాసి పెట్టాలని ఐర్లండ్‌లో నిబంధన. మెనూ కింద "మా బీఫ్ అంతా ఐరిష్" అన్న వాక్యం కనిపిస్తే స్ట్యూ దేనితో చేశారో తప్పకుండా అడగండి.

చౌడర్ చేపల సూప్. పొగబెట్టిన చేప, సాల్మన్, మసల్స్, బంగాళాదుంప, పాలు లేదా క్రీమ్. కొందరు వంటవాళ్ళు అడుగున బేకన్ (ఉప్పుపట్టించిన పంది మాంసం) ముక్కలు వేయించి మొదలుపెడతారు. తర్వాత ఏరి తీసేసినా కొవ్వు అందులోనే ఉంటుంది. "బేకన్ వేశారా" అని అడగండి. "పైన బేకన్ ఉందా" అని అడిగితే లేదనే చెప్తారు, అది అబద్ధమూ కాదు.

శాకాహారులకు అసలు గండాలు ఇవి. ఆ రోజు సూప్ "వెజిటబుల్" అని ఉన్నా తరచూ కోడి స్టాక్‌తో (కోడి ఎముకలు ఉడికించిన రసంతో) చేస్తారు. క్యాబేజీని పాత పద్ధతిలో బేకన్ ఉడికిన నీళ్ళలోనే ఉడికిస్తారు, రుచంతా అక్కడిదే. కాల్చిన బంగాళాదుంపలకు బాతు కొవ్వు వాడే కిచెన్లున్నాయి. గ్రేవీ మాంసందే. సీజర్ సలాడ్‌లో బేకన్, డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేప, పైన పార్మెసాన్. ఆ చీజ్‌ను దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో విరగగొడతారు. కోల్కానన్ అంటే మెదిపిన బంగాళాదుంపలో కేల్ ఆకో క్యాబేజీయో కలిపింది. మామూలుగా వెన్న, పాలు తప్ప ఇంకేం ఉండవు కానీ బేకన్ చల్లే అలవాటు కొన్ని చోట్ల ఉంది. మెదిపిన బంగాళాదుంపలో ఉల్లికాడలు వేసిన చాంప్ ఎక్కువ క్షేమం.

గుడ్డు విషయంలో మీకు ఒక సాయం ఉంది. 14 రకాల అలర్జీ పదార్థాలు ఏ వంటకంలో ఏవున్నాయో రాతలో చూపించాలని ఇక్కడ చట్టం. మెనూలో వంటకం పక్కన కనిపించే అంకెలు అవే. గుడ్డు, పాలు, చేప ఆ పట్టికలో ఉంటాయి. కాబట్టి వెజ్ బర్గర్‌లో గుడ్డు కలిపారా, కోల్‌స్లాలో మయొనైజ్ గుడ్డుదేనా, బ్రౌన్ బ్రెడ్‌లో గుడ్డు వేశారా అన్నది అంకె చూసే చెప్పేయొచ్చు. అయితే కోడి స్టాక్, బీఫ్ కొవ్వు, రెన్నెట్, జెలటిన్ ఆ 14లో లేవు. అవి అడిగితేనే తెలుస్తాయి. పట్టిక చూసి "గుడ్డు లేదు కాబట్టి తినొచ్చు" అనుకుంటే దెబ్బతినేది ఇక్కడే.

మీ అత్తమామలకు నేనైతే ఇలా చెప్తాను: బ్రౌన్ సోడా బ్రెడ్, వెన్న (ముడి గోధుమపిండి, సోడా, ఉప్పు, మజ్జిగ, ఈస్ట్ ఉండదు, గుడ్డు లేదని అంకె చూసి నిర్ధారించుకోండి), చాంప్, ఆవిరి మీద ఉడికించిన కూరగాయలు, హ్యామ్ తీసేసిన టోస్టీ. టోస్టీలో చీజ్, టమాటా, ఉల్లిపాయ ఉంటాయి. హ్యామ్ పెట్టిన టోస్టీలు కాల్చే పెనమే అది, పట్టింపు ఉంటే వద్దు. చాలా పబ్‌లలో కూర కూడా ఉంటుంది, అన్నం సగం, చిప్స్ (ఇక్కడ ఆ మాటకు ఫ్రెంచ్ ఫ్రైస్ అని అర్థం) సగం వేసి ఇస్తారు. వెజ్ రకం ఉంటే స్టాక్ గురించి అడిగి తీసుకోవచ్చు. తియ్యగా, కారం లేకుండా ఉంటుంది, దాన్ని కూర అనడానికి మనసొప్పదు గానీ కడుపు నిండుతుంది.

తడిగొడుగు

చాలా ఉపయోగం. చిప్స్ సంగతి? పాప తినేది అవే. గిన్నిస్ పోయడానికి అంతసేపు ఎందుకు తీసుకుంటారో కూడా చెప్పండి, మామయ్యగారు తప్పకుండా అడుగుతారు.

వంటింటివెనక

చిప్స్‌కు రెండు ప్రశ్నలు. నూనె ఏది? పబ్‌లలో ఎక్కువగా వెజిటబుల్ నూనే, అక్కడక్కడా బీఫ్ కొవ్వు. ఫ్రయ్యర్ వేరేనా? చిన్న కిచెన్‌లో ఉండేవి రెండే ఫ్రయ్యర్లు, ఒకదాంట్లో చేప, కోడి, రెండోదాంట్లో చిప్స్. రద్దీ పెరిగితే ఈ గీత చెరిగిపోతుంది. 6 గంటలకు ఇచ్చిన హామీ 8కి నిలబడదు, త్వరగా వెళ్ళమనడానికి ఇదీ ఒక కారణం. పిల్లల మెనూలో సాసేజ్ అంటే పోర్కే, కోడి గుజాన్లు (పిండిలో ముంచి వేయించిన పొడుగు ముక్కలు) తీసుకోండి.

నల్లపైంట్

గిన్నిస్ గురించి. మామూలు లాగర్ బీరులో ఉండేది కార్బన్ డయాక్సైడ్. ఈ స్టౌట్‌ను (గిన్నిస్ లాంటి నల్ల బీరును) కెగ్‌లోంచి, అంటే పీపాలోంచి, తోసే గ్యాస్‌లో ఎక్కువ భాగం నైట్రోజన్. అది ద్రవంలో సరిగా కరగదు, సన్నని రంధ్రాల పళ్ళెంలోంచి దూరినప్పుడు చాలా చిన్న బుడగలుగా విడిపోతుంది. వెన్నలాంటి ఆ నురగ దానివల్లే. చిన్న బుడగలు పైకి చేరడానికి టైం పడుతుంది కాబట్టి రెండు విడతలు. గ్లాసును 45 డిగ్రీలు వంచి ముప్పావు దాకా నింపి, నల్లగా తేరేదాకా పక్కన పెట్టి, తర్వాత నిటారుగా ఉంచి నింపుతారు. కంపెనీ చెప్పే లెక్క 119.5 సెకన్లు. అర సెకను ప్రచారానికే, రెండు నిమిషాలు అనుకోండి. బుడగలు గ్లాసు అంచున కిందికి జారుతున్నట్టు కనిపించడం కంటి భ్రమ కాదు. గ్లాసు పైన వెడల్పు, కింద సన్నం కావడంతో మధ్యలో ద్రవం పైకీ, అంచుల్లో కిందికీ తిరుగుతుంది, బుడగలు దాంతో పాటు కొట్టుకుపోతాయి.

ఇందులోంచి మీకు కావలసింది ఇదీ: కౌంటర్‌లో మొత్తం చెప్పేటప్పుడు గిన్నిస్‌లు ముందు చెప్పండి. అవి తేరుతుండగా మిగతావి పోసేస్తారు. చివర్లో చెబితే అందరి గ్లాసులూ నిండి, మీరు నిలబడి ఎదురుచూడాలి. సగం పోసిన గ్లాసును తీసేసుకోకండి, ఆయన తిరిగి వస్తాడు.

బాగా పోసినదానికి గుర్తు: నురగ ఒకటిన్నర సెంటీమీటరు, అంచు కంటే కొంచెం ఉబ్బి, పెద్ద బుడగలు లేకుండా. గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉంటే గ్లాసుకు జిడ్డు ఉందని అర్థం. పుల్లగా ఉంటే పైపులు కడగలేదన్నమాట. అలాంటిది మర్యాదగా చెబితే మార్చి ఇస్తారు, మొహమాటం అక్కర్లేదు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. "గ్లాస్" అని అడిగితే దాంట్లో సగం వస్తుంది. మద్యం లేని 0.0 రకం చాలాచోట్ల దొరుకుతుంది.

చివర్లో ఐరిష్ కాఫీ చెప్పేవాళ్ళుంటే: విస్కీ, వేడి కాఫీ, గోధుమరంగు పంచదార, పైన క్రీమ్. పంచదార వద్దనకండి. అది కాఫీని బరువెక్కించి క్రీమ్ తేలడానికి సాయపడుతుంది. క్రీమ్ సగమే గిలకొట్టాలి, గరిటె వెనక మీదుగా జార్చాలి. డబ్బాలోంచి స్ప్రే కొట్టి ఇస్తే అది కరిగి జిడ్డుగా తేలుతుంది, డబ్బు దండగ. కలపకుండా క్రీమ్‌లోంచే తాగాలి. ఇక్కడ విస్కీ ఒక కొలత అంటే 35.5 మిల్లీలీటర్లు, బ్రిటన్‌లో మామూలుగా పోసే 25 కంటే ఎక్కువ, అది గుర్తుంచుకోండి.

కార్క్‌వాన

శనివారం సాయంత్రం ఎందుకండీ, ఆదివారం మధ్యాహ్నం కార్వరీకి (కాల్చిన మాంసాలు మన ముందే కోసి వడ్డించే భోజనానికి) వెళ్ళండి. వంటకాలు కళ్ళ ముందే ఉంటాయి, వేలితో చూపించి వడ్డించమనొచ్చు. పాపకు గడువు గొడవ లేదు, ధర కూడా తక్కువ.

వంటింటివెనక

మాంసం తినేవాళ్ళకైతే ఒప్పుకుంటాను. ఈ కుటుంబానికి మాత్రం కార్వరీ నప్పదు. అక్కడుండే మూడు నాలుగు మాంసాల్లో ఒకటి బీఫ్, ఒకటి హ్యామ్, ఒకే కత్తి, ఒకే పలక. వద్దనే లోపే పళ్ళెమంతా గ్రేవీ పోసేస్తారు, అదీ అన్నిటికీ ఒకటే. క్యాబేజీ సంగతి ముందే చెప్పాను. పైగా 2 దాటాక వెళ్తే వేడి నీళ్ళ తొట్టి మీద కూరగాయలు మెత్తబడి రంగు పోయి ఉంటాయి. వెళ్ళాలనుకుంటే తెరవగానే వెళ్ళి, గ్రేవీ పక్కన గిన్నెలో అడగండి.

లిఫీగట్టు

టిప్ మిగిలిపోయింది. కౌంటర్‌లో కొనుక్కున్న డ్రింక్‌కు టిప్ ఇచ్చే ఆనవాయితీ లేదు. టేబుల్‌కు తెచ్చి వడ్డించిన భోజనానికి 10 శాతం చాలు. పెద్ద గుంపులకు సర్వీస్ చార్జ్ ముందే కలిపే చోట్లున్నాయి, బిల్లు చూసుకోండి. కలిపి ఉంటే మళ్ళీ ఇవ్వక్కర్లేదు. టిప్పులు సిబ్బందికి ఎలా పంచుతారో నోటీసు పెట్టాలని 2022 డిసెంబర్ నుంచి చట్టం ఉంది.

రౌండ్ పద్ధతి తెలుసుకోండి: పక్క టేబుల్ పరిచయస్థులు మీకు ఒక డ్రింక్ కొంటే తర్వాతి వంతు మీది. తాగనివాళ్ళు కూడా తమ నిమ్మసోడాతో ఈ లెక్కలోకి వస్తారు. రౌండ్ వద్దనుకుంటే మొదట్లోనే "మాది మేం తెచ్చుకుంటాం" అనేయడం మర్యాదే, తీసుకుని తిరిగి కొనకపోవడం మాత్రం కాదు.

బండి నడిపేవాళ్ళు అసలు తాగకండి. పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు. లెర్నర్లకు, కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్ళకు 20 మాత్రమే, అంటే ఒక్క పైంట్ కూడా ప్రమాదమే.

తడిగొడుగు

6 గంటలకు లౌంజ్ వైపు చూస్తున్నాం. శాకాహారం విషయం ఫోన్‌లోనే చెప్పాలా, అక్కడికెళ్ళి చెప్పినా సరిపోతుందా?

వంటింటివెనక

ఫోన్‌లోనే, అదీ ముందు రోజు మధ్యాహ్నం 3కీ 5కీ మధ్య. అప్పుడు కిచెన్ ఖాళీగా ఉంటుంది, ఫోన్ షెఫ్‌కే ఇస్తారు. "వెజిటేరియన్" అని ఆపకండి, ఇక్కడ ఆ మాటలో గుడ్డు కూడా కలిసే ఉంటుంది. "ఇద్దరికి మాంసం, చేప, గుడ్డు, మాంసం స్టాక్ వద్దు, పాలు, వెన్న పర్వాలేదు" అని విడివిడిగా చెప్పండి. మిగతా ఐదుగురికి బీఫ్, పోర్క్ వద్దని, అందులో బేకన్, హ్యామ్, పుడ్డింగ్ (ఇక్కడ తీపి కాదు, సాసేజ్ లాంటిది) కూడా వస్తాయని చెప్పండి. బ్లాక్ పుడ్డింగ్‌లో పంది రక్తం ఉంటుంది, వైట్‌లో రక్తం ఉండదు కానీ అదీ పోర్కే. ముందు రోజు తెలిస్తే సూప్‌ను కూరగాయల స్టాక్‌తో పెట్టడం షెఫ్‌కు పెద్ద పని కాదు. శనివారం 6 గంటలకు చెబితే అప్పటికే కుండ పొయ్యి మీద ఉంటుంది.