సరూప త్రిభుజాల్లో తెలియని భుజం: ఏ నిష్పత్తి తీసుకోవాలి?

ప్రశ్న (ఒక విద్యార్థిని తండ్రి):
పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఒక సందేహం వచ్చింది. ఏబీసీ త్రిభుజంలో బీసీకి సమాంతరంగా డీఈ రేఖ గీశారు. ‘డీ’ అనే బిందువు ఏబీ మీద, ‘ఈ’ అనే బిందువు ఏసీ మీద ఉన్నాయి. ఏడీ 4 సెం.మీ., డీబీ 6 సెం.మీ., డీఈ 5 సెం.మీ. అయితే బీసీ ఎంత? ప్రాథమిక అనుపాత సిద్ధాంతం ప్రకారం ఏఈ, ఈసీల నిష్పత్తి కూడా 4:6 అవుతుంది. అదే నిష్పత్తిని డీఈ, బీసీలకు వర్తింపజేస్తే 7.5 వస్తోంది, కానీ జవాబు 12.5 అని ఇచ్చారు. ఒకచోట చెల్లిన నిష్పత్తి ఆ పక్కనే ఎందుకు చెల్లదో ఎలా వివరించాలి?

జవాబు (గణిత ఉపాధ్యాయురాలు):
12.5 సరైనదేనండీ. డీబీ ఏ త్రిభుజానికీ భుజం కాదు, పెద్ద భుజంలో మిగిలిన ముక్క మాత్రమే. సరూపంగా (అంటే కోణాలు సమానంగా, భుజాలు ఒకే నిష్పత్తిలో) ఉన్నవి ఏడీఈ, ఏబీసీ త్రిభుజాలు; కాబట్టి ఏడీకి అనురూప భుజం ఏబీ, అంటే 4 + 6 = 10 సెం.మీ. స్కేలు గుణకం 10/4 = 2.5, బీసీ = 5 × 2.5 = 12.5 సెం.మీ. రెండు త్రిభుజాలనూ విడివిడిగా గీయించి, కొలతలు వాటి మీద రాయించండి. చాలామంది పిల్లలకు అక్కడే విషయం తెలిసిపోతుంది. ఇంకా నమ్మకం కలగకపోతే, డీ సరిగ్గా మధ్యబిందువైతే ఏమవుతుందో అడగండి. ముక్కల నిష్పత్తి 1:1 కాబట్టి ఆ పద్ధతిలో డీఈ, బీసీ సమానమవ్వాలి, కానీ మధ్యబిందువులను కలిపే రేఖ మూడో భుజంలో సగమే ఉంటుంది.

అడిగినవారు:
ధన్యవాదాలు మేడమ్. గుణకం ఒకసారి దొరికితే బొమ్మలోని ప్రతి పొడవునూ దానితోనే గుణించవచ్చా?

జవాబు (మరొక సభ్యుడు):
బొమ్మ మొత్తం సరూపంగా ఉందని తేలితేనే గుణించాలి. త్రిభుజాలకు కోణాలు సమానమైతే చాలు, చతుర్భుజాలకు చాలదు. చతురస్రానికీ దీర్ఘచతురస్రానికీ కోణాలన్నీ 90 డిగ్రీలే కదా. మన జాతీయ జెండా దీనికి చక్కని ఉదాహరణ. దాని పొడవు, ఎత్తుల నిష్పత్తి ఎప్పుడూ 3:2 కనుక ప్రామాణిక పరిమాణాలన్నీ సరూప దీర్ఘచతురస్రాలే. 3600 × 2400 మి.మీ. జెండాలో అశోకచక్రం వ్యాసం 740 మి.మీ.; 1800 × 1200 జెండాకు గుణకం 1/2 కనుక 370 రావాలి, నిర్దేశించిన కొలత కూడా అదే. అయితే 150 × 100 జెండాకు గుణకం 1/24 ప్రకారం దాదాపు 30.8 మి.మీ. రావలసి ఉండగా, నియమావళిలో ఉన్నది 25 మి.మీ. అక్కడ అంచులు సరూపమే గాని, చక్రంతో కలిపి చూస్తే ఆ జెండా పెద్దదానికి సరూపం కాదు.