సియాన్‌లో నాలుగు రోజులు: హ్యూయన్‌త్సాంగ్ గోపురం, మట్టి సైన్యం, శాకాహార భోజనం

ప్రశ్న: గుంటూరు మాస్టారు

అందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి రెండేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. హ్యూయన్‌త్సాంగ్ పాఠం వచ్చినప్పుడల్లా ఆయన మన ఆంధ్రదేశానికీ ధాన్యకటకానికీ వచ్చాడనీ, ఇక్కడి పూర్వశైల, అపరశైల అనే బౌద్ధ సంఘారామాల గురించి రాశాడనీ పిల్లలకు నొక్కి చెప్పేవాణ్ని. ఆయన 645లో తిరిగి చేరుకున్న ఊరు, అంటే నాటి చాంగాన్, నేటి సియాన్, ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక అప్పటి నుంచీ ఉంది. మా అల్లుడు ఉద్యోగరీత్యా బీజింగ్‌లో ఉండటంతో అది ఈ ఏడాది తీరేలా కనిపిస్తోంది. అక్టోబరు మూడో వారంలో బీజింగ్ నుంచి రైల్లో సియాన్ వెళ్లి నాలుగు రోజులు ఉండాలని అనుకుంటున్నాము. పిల్లలకు సెలవు దొరకనందువల్ల మేమిద్దరమే వెళ్తాము.

నా సందేహాలు ఇవి. మా ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నేను మాంసం తింటాను గానీ, ఆమె పక్కన పస్తుంటే నా గొంతు దిగదు. ఆ ఊళ్లో ఆమె కడుపు నిండే మార్గం ఏమైనా ఉందా? ఆమెకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి కాబట్టి ఎక్కడ మెట్లు తప్పవో, ఎక్కడ తప్పించుకోవచ్చో చెప్పగలరు. చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన సైనికుల విగ్రహాలను, అంటే మట్టి సైన్యాన్నీ, పట్టణంలోని ముఖ్యమైన స్థలాలన్నింటినీ ఒక్క రోజులో చూపిస్తామనే బస్సు యాత్రలు ఉన్నాయని విన్నాను. వాటిని నమ్మవచ్చా? డబ్బు చెల్లించే పద్ధతి గురించి కూడా అనుభవమున్నవారు రాస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు: సియాన్‌లో చదివిన డాక్టరు

మాస్టారూ, నమస్కారం. వైద్యవిద్య కోసం ఆ ఊళ్లో ఐదేళ్లకు పైగా ఉన్నాను. ముందుగా బస్సు యాత్ర సంగతి చెబుతాను, ఎందుకంటే మొదటి సంవత్సరంలో నేనే ఆ వలలో పడ్డాను. రైల్వే స్టేషను బయట ఒకతను తక్కువ ధరకు మట్టి సైన్యం చూపిస్తానని ఎక్కించుకుని, ముందు ఒక బొమ్మల తయారీశాలకూ, తర్వాత ఒక పచ్చల దుకాణానికీ తీసుకెళ్లి, అసలు చోటికి మధ్యాహ్నం మూడు దాటాక చేర్చాడు. కాబట్టి దయచేసి అలాంటివి వద్దు. మెట్రో తొమ్మిదో లైనులో హువాచింగ్ కొలను స్టేషను వరకు వెళ్లి, అక్కడి నుంచి సిటీ బస్సు పట్టుకుంటే చాలు. ఆ ఒక్క స్థలానికే ఒక పూర్తి రోజు కేటాయించండి.

1974లో బావి తవ్వుతున్న రైతులకు మట్టి ముక్కలు దొరకడంతో బయటపడిన ఈ స్థలంలో చూడవలసిన గుంటలు మూడు. అందరూ మొదటి గుంటలోకే తోసుకుంటూ వెళ్తారు. మీరు మూడో గుంటతో మొదలుపెట్టి, రెండోది చూసి, మొదటిదాన్ని చివరికి ఉంచుకోండి. మూడోది చిన్నది, సేనాపతుల స్థానంగా భావించే చోటు. రెండోదానిలో మోకాలి మీద కూర్చున్న విలుకాడి విగ్రహాలు దొరికాయి. ఆ తర్వాత మొదటి గుంటలోకి అడుగుపెడితే, దాదాపు 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు ఉన్న ఆ కప్పు కింద వరసలు తీరిన సైన్యం ఒక్కసారిగా కనబడుతుంది. జనం ముందు భాగంలోనే గుమిగూడి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు గానీ, నాకు బాగా నచ్చింది వెనక భాగం. అక్కడ తలలేని మొండేలు, అతికిస్తున్న కాళ్లు, సంఖ్యలు వేసిన ముక్కలు కనిపిస్తాయి. ఈ విగ్రహాలలో దాదాపు అన్నీ ముక్కలుగానే దొరికాయనీ, మనం చూస్తున్న సైన్యం ఏళ్ల తరబడి చేతులతో అతికించినదనీ అక్కడే అర్థమవుతుంది. ఒకప్పుడు వీటన్నిటికీ రంగులుండేవి. రంగు కింద పూసిన లక్క పొర భూమిలోంచి బయటికి రాగానే గాలికి ఎండి, నిమిషాల్లోనే ముడుచుకుని రాలిపోయేది. 1980లో దొరికిన రెండు కంచు రథాలు ఇప్పుడు సమాధి దిబ్బ ఉన్న తోట దగ్గర వేరే మ్యూజియంలో ఉన్నాయి. అదే టికెట్టు మీద ఉచిత బస్సులో తీసుకెళ్తారు, మానకండి. సామాన్య శకానికి పూర్వం 221లో దేశాన్ని ఏకం చేసి, 210లో మరణించిన చిన్ షిహువాంగ్ అసలు సమాధిని మాత్రం ఇంతవరకు తెరవలేదు. బయటికి అది చెట్లు మొలిచిన దిబ్బ మాత్రమే.

చెల్లింపుల సంగతికి వస్తే, మన యూపీఐ అక్కడ పనికి వస్తుందని అనుకోవద్దు. బయలుదేరే ముందే అలీపే యాప్ పెట్టుకుని, మీ అంతర్జాతీయ క్రెడిట్ కార్డును దానికి జతచేయండి. ఆ సమయంలో బ్యాంకు పంపే ఓటీపీ మీ భారతీయ నంబరుకే వస్తుంది కాబట్టి, ఈ పని ఇంట్లోనే పూర్తిచేయడం మంచిది. 200 యువాన్లు దాటిన ఒక్కో చెల్లింపుపై మూడు శాతం రుసుము పడుతుంది. వాట్సాప్, గూగుల్ అక్కడి మామూలు ఇంటర్నెట్‌లో తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే సాధారణంగా పనిచేస్తాయి. అమ్మాయితో మాట్లాడుకోవడానికి వీచాట్ కూడా పెట్టుకోండి.

చిన్న హంస గోపురాన్ని మీరు వదిలేయవచ్చు. హ్యూయన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం కట్టిన పెద్ద హంస గోపురం చూశాక అది చప్పగా ఉంటుందని నా అభిప్రాయం.

జవాబు: వంటింటి యాత్రికురాలు

మాస్టారు గారికి నమస్కారం. నేనూ గుడ్డు ముట్టని మనిషినే, ఆరు రోజులు ఆ ఊళ్లో తిని తిరిగాను. అమ్మగారు పస్తుండవలసిన అవసరం లేదు, కాని ఏది అడగాలో తెలిసి ఉండాలి.

సియాన్ అన్నం తినే ఊరు కాదు, గోధుమపిండి తినే ఊరు. అదే మన శాకాహారులకు కలిసివచ్చింది. అక్కడ బెల్టు అంత వెడల్పున చేత్తో సాగదీసి వేసే నూడిల్స్ ఉంటాయి, బియాంగ్‌బియాంగ్ అంటారు. ఆ పేరు రాసే చైనా అక్షరానికి యాభైకి పైగా గీతలు ఉంటాయి, దుకాణాల బోర్డుల మీద చూసి నవ్వుకోవచ్చు. పిండి, నీళ్లు, ఉప్పుతోనే చేస్తారు. అందులో ‘యోపో’ పద్ధతి అని అడగండి. ఉడికిన నూడిల్స్ మీద ఎండుకారం, వెల్లుల్లి, ఉల్లికాడలు వేసి, పొగలు వచ్చేదాకా కాగిన నూనెను పైనుంచి సుయ్యిమనేలా పోస్తారు. ఆ వాసనకు నాకు మా అమ్మ చేసే పచ్చిపులుసు తాలింపు గుర్తుకొచ్చింది. అయితే జాగ్రత్త, అదే దుకాణంలో ‘మూడూ కలిపినది’ అని ఇంకొకటి ఉంటుంది. అందులో మాంసపు కూరా, గుడ్డూ పడతాయి. బొమ్మ చూసి వేలు పెడితే చాలామందికి వచ్చేది అదే.

రెండోది లియాంగ్‌పి. గోధుమపిండినో బియ్యప్పిండినో పల్చగా ఆవిరిపట్టి, పట్టీలుగా కోసి, చల్లగా వడ్డిస్తారు. ముస్లిం వాడలో దీనికి నువ్వుల ముద్ద, వెనిగర్, మిరప నూనె కలుపుతారు. తీపిలో, బంకబియ్యం, ఎర్ర ఖర్జూరాలు పొరలుగా వేసి గంటల తరబడి ఆవిరికి ఉడికించే జెంగావ్ ఉంది, పొద్దున్నే తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. మీరు వెళ్లే నెలలో లిన్‌టోంగ్ ప్రాంతపు పెర్సిమన్ పళ్లు వస్తాయి. వాటి గుజ్జును పిండిలో కలిపి, లోపల తీపి పూర్ణం పెట్టి వేయించే బిళ్లలను మన బూరెలకు దూరపు చుట్టాలనవచ్చు. పెరుగు చిన్న సీసాల్లో దొరుకుతుంది గానీ చక్కెర కలిపి ఉంటుంది కాబట్టి, అన్నంలో కలుపుకోవాలని ఆశపడవద్దు.

‘నేను శాకాహారిని’ అనడానికి ‘వో చీ సూ’ అంటారు. ఆ మాట ఒక్కటే చాలదు. మాంసం ముక్కలు లేకపోతే శాకాహారమేనని భావించి, ఎముకల పులుసులో ఉడికించిన నూడిల్స్ తెచ్చిపెట్టడం నాకు రెండుసార్లు జరిగింది. అందువల్ల మాంసం, చేప, గుడ్డు, మాంసపు పులుసు, పంది కొవ్వు ఏవీ వద్దని మీ అమ్మాయి చేత చైనా లిపిలో రాయించి, ఫోన్లో దాచుకుని, వంటమనిషికే చూపించండి. పెద్ద బౌద్ధాలయాల పరిసరాల్లో వెతికితే పూర్తి శాకాహార భోజనశాలలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఉల్లి, వెల్లుల్లి కూడా వాడవు. కందిపొడి, ఒక చిన్న సీసా గోంగూర పెట్టుకెళ్లండి. ‘మీఫాన్’ అంటే తెల్లన్నం తెస్తారు.

మాస్టారు తప్పక రుచి చూడవలసినది యాంగ్‌రౌ పావ్‌మో అని మావారు చెప్పమన్నారు. గట్టి రొట్టెలు రెండు, ఒక ఖాళీ గిన్నె ఇస్తారు. ఆ రొట్టెలను సోయా గింజంత ముక్కలుగా మీరే తుంచాలి, ఆ తర్వాత గిన్నె వంటింట్లోకి వెళ్లి, మటన్ పులుసు, సన్న సేమ్యాలతో ఉడికి తిరిగి వస్తుంది. ఊరబెట్టిన తియ్యటి వెల్లుల్లి పక్కన పెడతారు. మావారు తొందరపడి పెద్ద ముక్కలు తుంచితే, పక్క బల్ల మీది పెద్దాయన చూసి ఊరుకోలేక, గిన్నె తన వైపు లాక్కుని మళ్లీ తుంచి ఇచ్చాడట. అక్కడివాళ్లు ఆ తుంచే అరగంటలోనే కబుర్లన్నీ చెప్పుకుంటారు. ముస్లిం వాడలో డ్రమ్ గోపురం పక్కనుంచి మొదలయ్యే పెద్ద వీధి అంతా యాత్రికులదే. రెండు సందులు లోపలికి, సాజిన్‌చియావ్ వైపు నడిస్తే, స్థానికులు వరసలో నిలబడే దుకాణాలు కనిపిస్తాయి.

జవాబు: శాసనాల పిచ్చివాడు

డాక్టరు గారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను గానీ, చిన్న హంస గోపురాన్ని వదిలేయమనడం మాత్రం మాస్టారి లాంటివారికి ఇవ్వవలసిన సలహా కాదు. పెద్ద హంస గోపురం హ్యూయన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాలూ విగ్రహాలూ భద్రపరచడానికి 652లో కట్టినదైతే, చిన్నది నెలవై ఉన్న ఆలయంలో మరో చైనా యాత్రికుడు ఇత్సింగ్ అనువాదాలు చేశాడు. ఒకరు నేల దారిన, మరొకరు సముద్రం మీదుగా భారతదేశానికి వచ్చినవారు. ఇద్దరి గురించీ పాఠాలు చెప్పిన మనిషి ఒకరి ఇంటికి వెళ్లి, రెండో వారి గుమ్మం ముందునుంచి తిరిగి వెళ్లడం బాగుండదు. పైగా ఆ గోపురం పై అంతస్తులు 1556 నాటి భయంకర భూకంపంలో కూలిపోయాయి. పదిహేను అంతస్తులది పదమూడుగా మిగిలి, కొస విరిగిన ఆ ఆకారంతోనే ఇవాళ్టికీ నిలిచి ఉంది. చుట్టూ చెట్లు, పక్కనే నగర మ్యూజియం, జనం తక్కువ.

పెద్ద గోపురం లోపల మెట్లు ఇరుకైనవి, ఏడు అంతస్తులు. అమ్మగారిని కిందే కూర్చోబెట్టండి, నష్టమేమీ లేదు. నిజానికి మీరు చూడవలసినవి కూడా కిందే ఉన్నాయి. దక్షిణ ద్వారానికి రెండు పక్కలా గూళ్లలో 653 నాటి శిలాఫలకాలు ఉన్నాయి. హ్యూయన్‌త్సాంగ్ అనువాదాలకు తాంగ్ చక్రవర్తి తైజోంగ్, అప్పటికి యువరాజుగా ఉన్న గావోజోంగ్ రాసిన పీఠికలను చూ సుయిలియాంగ్ అనే లిపికారుడు వాటి మీద రాశాడు. జాలీ వెనక ఉండటంతో చాలామంది చూడకుండానే మెట్లెక్కేస్తారు. హ్యూయన్‌త్సాంగ్ అస్థికలపై 669లో కట్టిన స్తూపం మాత్రం ఊరికి దక్షిణాన శింగ్‌జియావ్ ఆలయంలో ఉంది. మెట్రో అక్కడిదాకా లేదు కాబట్టి టాక్సీలో వెళ్లిరావడానికి ఒక పూట పడుతుంది. మీ ప్రయాణపు కారణం అదే కాబట్టి, నేనైతే వేరేదేదైనా మానుకుని అక్కడికి వెళ్తాను.

శిలాఫలకాల అడవి అనే మ్యూజియం దక్షిణపు గోడకు దగ్గరలోనే ఉంది. 837లో పూర్తయిన 114 రాళ్ల మీద పన్నెండు కన్ఫ్యూషియన్ గ్రంథాలు చెక్కించి నిలబెట్టారు. నకలు రాసేవారి పొరపాట్లు గ్రంథంలోకి చొరబడకుండా చేసిన ఏర్పాటది. అక్కడే 781 నాటి క్రైస్తవ శిలాఫలకం ఒకటి ఉంది, చైనా లిపి పక్కన పశ్చిమాసియా క్రైస్తవులు వాడిన సిరియాక్ అక్షరాలు కూడా కనిపిస్తాయి.

కోటగోడ విషయం: 1370లలో మింగ్ వంశం కట్టించినది, చుట్టుకొలత దాదాపు 13.7 కిలోమీటర్లు. పైన సైకిళ్లు అద్దెకిస్తారు గానీ ఇటుకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి మోకాళ్లకూ నడుముకూ మంచిది కాదు. బ్యాటరీ బండి ఉంది, అందులో తిరగండి. సాయంత్రం దక్షిణ ద్వారం దగ్గర ఎక్కితే, దీపాలు వెలిగే వేళ చూడవచ్చు.

గుంటూరు మాస్టారు

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చదివి వినిపిస్తే మా ఆవిడ యోపో నూడిల్స్ దగ్గర ఆపించి, ఆ వాక్యం మళ్లీ చదివించుకుంది. ఇప్పటికి అనుకున్నది ఇది: మొదటి రోజు కోటగోడ, ముస్లిం వాడ, రెండో రోజంతా మట్టి సైన్యం, మూడో రోజు రెండు హంస గోపురాలు, నాలుగో రోజు పొద్దున శింగ్‌జియావ్ ఆలయం, మధ్యాహ్నం శిలాఫలకాలు. షాన్సీ ప్రాంతీయ చరిత్ర మ్యూజియం దీనిలో ఇమడటం లేదు. వదిలేస్తే తప్పవుతుందా? డాక్టరు బాబు గానీ ఇంకెవరైనా గానీ చెప్పగలరు.

సియాన్‌లో చదివిన డాక్టరు

మాస్టారూ, చిన్న హంస గోపురం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, శాసనాల వారిదే సరైన సలహా. చరిత్ర మ్యూజియంకు ముందుగా పాస్‌పోర్టు నంబరుతో సమయం కేటాయించుకోవాలి, ఆ ఖాళీలు విడుదలైన కొద్దిసేపటికే అయిపోతాయి, సోమవారం సెలవు. పెద్ద హంస గోపురానికి అది దగ్గరే కాబట్టి, దొరికితే మూడో రోజు మధ్యాహ్నం అక్కడికి వెళ్లి, చిన్న గోపురాన్ని పొద్దున్నే ముగించండి. దొరకకపోతే దిగులు పడవద్దు. బుకింగ్ చైనా భాషలో ఉంటుంది, మీ అల్లుడి గారి చేత చేయించండి. మట్టి సైన్యం టికెట్టుకూ పాస్‌పోర్టు నంబరే ఇవ్వాలి. అసలు పాస్‌పోర్టులు రెండూ ప్రతి రోజూ చేతిసంచిలో ఉంచుకోండి, రైలు ఎక్కేటప్పుడూ అదే చూస్తారు. అక్టోబరు 1 నుంచి వారం రోజులు అక్కడ జాతీయ సెలవులు. మూడో వారం అన్నారు కాబట్టి ఇబ్బంది లేదు, తేదీలను మాత్రం ఆ సెలవుల వారంలోకి జరపకండి.